మినియం అంటే ఏ ఎరుపు?

లాటిన్ నిఘంటువులో మినియం అన్న మాట చూస్తే రెండు అర్థాలు పక్కపక్కనే ఉంటాయి: ఇంగిలీకం, సిందూరం. మధ్యలో ఒక్క కామా. ఆ కామాకు అటూ ఇటూ ఉన్నవి రెండు వేర్వేరు పదార్థాలు. ఇంగిలీకం పాదరసం, గంధకం కలిసిన ఖనిజం, గనిలోంచి రాయిగా వస్తుంది. సిందూరం సీసాన్ని గాలి తగిలేలా కాలిస్తే వచ్చే పొడి, బట్టీలోంచి వస్తుంది. మొదటిది నిండైన ఎరుపు, రెండోది నారింజ వైపు మొగ్గే ఎరుపు. కంటికి దగ్గరగా కనిపిస్తాయి తప్ప వీటికి చుట్టరికం ఏమీ లేదు. రెండూ విషాలే, కానీ విషం ఎక్కే తీరు వేరు.

పాత భాషల్లో రంగుల పేర్లుగా మనం చదువుకునే మాటల్లో చాలావాటిని రంగులుగా కాక సరుకులుగా చదవాలని నా వాదన. మినియం అన్నప్పుడు రోమన్ వర్తకుడి మనసులో మెదిలింది ఎరుపు కాదు. ముద్ర వేసిన మూట, దాని ధర, అందులో కల్తీ ఎంతన్న అనుమానం. దాన్ని ‘ఎరుపు’ అని అనువదిస్తే వాక్యం చదువుకోవడానికి బాగానే ఉంటుంది కానీ అందులోని సమాచారం మొత్తం ఆవిరైపోతుంది. ‘సిందూరం’ అని అనువదిస్తే ఇంకా నష్టం. చాలా సందర్భాల్లో అది పచ్చి తప్పు.

క్రీ.శ. 77 ప్రాంతంలో రోమన్ రచయిత ప్లినీ రాసిన ప్రకృతి చరిత్రలో మినియం గురించి ఉన్న భాగం ఒక లోహ వ్యాపారి లెక్కల పుస్తకంలా ఉంటుంది. రోముకు వచ్చే మినియంలో ముఖ్యమైన భాగం స్పెయిన్ దక్షిణాన సిసాపో అనే చోటి గనుల నుంచి వచ్చేది. ఇప్పటి అల్మడెన్ ప్రాంతం అదే. అల్మడెన్ అన్న పేరు కూడా ‘గని’ అనే అరబ్బీ మాట నుంచి వచ్చిందే. అక్కడ ఖనిజాన్ని శుద్ధి చేయనిచ్చేవారు కాదు. ముడిరాయిని ముద్ర వేసి ఏడాదికి సుమారు 2,000 పౌన్లు రోముకు పంపేవారు. రోమన్ పౌను అంటే దాదాపు 327 గ్రాములు, అంటే మొత్తం 650 కిలోల పైచిలుకు. శుద్ధయ్యాక పౌను 70 సెస్టర్సీలకు (రోమన్ నాణేలు) మించి అమ్మకూడదని చట్టం. ఆ రోజుల్లో ఒక సైనికుడి జీతం ఏడాదికి 900 సెస్టర్సీలు. అంటే ఒక పౌను రంగు కొనాలంటే సైనికుడి నెల జీతం దాదాపు పూర్తిగా పోవాలి. పండుగ రోజుల్లో జూపిటర్ విగ్రహం ముఖానికి ఈ మినియమే పూసేవారు. విజయోత్సవంలో ఊరేగే సేనాని ఒంటికీ పూసేవారట.

ఇంత ఖరీదైన సరుకు చుట్టూ దొంగతనం ఉండకుండా ఎలా ఉంటుంది? గోడలకు రంగు వేసే పనివాళ్లు కుంచె నిండా రంగు ముంచుకుని, మాటిమాటికీ నీళ్లలో కడిగేవారని ప్లినీ రాశాడు. బరువైన పొడి గిన్నె అడుగున దిగిపోతుంది, పని ముగిశాక గిన్నెతో పాటు ఇంటికి పోతుంది. ఇది ఎందుకు సాధ్యమో తెలియాలంటే సరుకు తెలియాలి. ఇంగిలీకం నీటికి ఎనిమిది రెట్లు బరువు. మామూలు ఎర్రమట్టి అయితే ఇంత బరువుండదు, అంత త్వరగా దిగదు, దొంగిలించినా గిట్టుబాటు కాదు. అక్కడ ‘ఎర్ర రంగు’ అని అనువదించి చూడండి: పనివాడు కుంచె అన్నిసార్లు ఎందుకు కడుగుతున్నాడో పాఠకుడికి ఎప్పటికీ అర్థం కాదు.

పనివాళ్ల ఆరోగ్యం మాట కూడా అక్కడే ఉంది. కార్ఖానాల్లో మినియం నూరేవాళ్లు ఆ ధూళి పీల్చకుండా జంతువుల మూత్రాశయపు పల్చటి పొరను ముఖానికి వదులుగా కట్టుకునేవారు. ప్రాణాంతకమైన ధూళి అని ప్లినీ మాట నమలకుండా చెప్పాడు.

ప్లినీకి ముందు, క్రీ.పూ. మొదటి శతాబ్దంలో, వాస్తు నిపుణుడు విట్రూవియస్ దాని తయారీ రాశాడు. ముడిరాళ్లను కొలిమిలో ఆరబెడతారు. వేడికి లేచిన ఆవిరి చల్లబడి కొలిమి నేల మీద పాదరసపు బొట్లుగా పడుతుంది, వాటిని కూడబెడతారు. ఆరిన రాళ్లను ఇనుప రోకళ్లతో దంచి, కడిగి, మళ్లీ కాచి, అసలు రంగు తేలేదాకా అలాగే చేస్తారు. ఎండ, వెన్నెల తగిలే చోట ఈ రంగు నల్లబడుతుందని కూడా ఆయనే హెచ్చరించాడు. ఫాబేరియస్ అనే ఉద్యోగి రోములోని అవెంటైన్ కొండ మీద తన ఇంటి నడవా గోడలన్నిటికీ మినియం వేయిస్తే ముప్పై రోజులకే మచ్చలు పడి వికారంగా తయారయ్యాయట. పాంపేయీ చుట్టుపక్కల గోడల మీద నల్లబడిన ఇంగిలీకాన్ని ఈ కాలపు పరిశోధకులు పరీక్షించినప్పుడు ఆ పొరలో క్లోరిన్ కలిసిన పాదరస సమ్మేళనాలు దొరికాయి. వెలుతురుతో పాటు ఉప్పుగాలి కూడా ఈ పని చేస్తుందన్నమాట.

విట్రూవియస్ చెప్పిన విరుగుడు ఇది: గోడ బాగా ఆరాక, మైనాన్ని కొద్దిగా నూనెతో కరిగించి పంది వెంట్రుకల కుంచెతో పూయాలి. ఇనుప పాత్రలో నిప్పులు పెట్టి గోడకు దగ్గరగా పట్టి ఆ మైనం చెమర్చేదాకా వేడి చేయాలి. తర్వాత కొవ్వొత్తితో, శుభ్రమైన నారగుడ్డతో రుద్ది నునుపు చేయాలి. ఈ పూత మామూలు ఎర్రమట్టికి వెయ్యడం డబ్బు దండగ. విట్రూవియస్ మినియం అంటే పాదరసపు ఎరుపే అనడానికి కొలిమి నేల మీద పడిన ఆ పాదరసపు బొట్లు చాలు.

మరి ఈ పేరు సీసానికి ఎలా జారింది? ప్లినీ చెప్పిన ‘రెండో రకం మినియం’ దగ్గర నాకు సమాధానం కనిపిస్తుంది. వెండి గనుల్లో, సీసపు గనుల్లో ఇంకో రాయి దొరుకుతుంది, దాని నుంచి పాదరసం రాదు, కొలిమిలో పెట్టేదాకా సీసం రంగులోనే ఉంటుంది, కాలాకే ఎర్రబడుతుంది, దాన్ని పొడి చేసి అసలు మినియంలో కలుపుతారు, అని రాశాడు. ఈ కల్తీ మినియం వ్యాపారాన్ని గుత్తకు తీసుకున్న కంపెనీ కార్ఖానాల్లోనే జరిగేదట. అంటే ప్లినీ నాటికే కల్తీ సరుకు అసలు సరుకు పేరుతో చలామణి అవుతోంది. తర్వాతి శతాబ్దాల్లో స్పెయిన్ నుంచి రాయి రావడం తగ్గింది, చవకైన సీసపు పొడి చేతికి దొరికింది. మధ్యయుగాల నాటికి మఠాల్లో గ్రంథాలు రాసేవాళ్లు మినియం అన్నది సీసపు పొడినే. భాష ‘మారింది’ అని మనం తేలిగ్గా అంటాం. ఇక్కడ మార్చింది బజారు. నకిలీ సరుకు పేరుతో సహా దుకాణాన్ని ఆక్రమించింది.

పేరు కోల్పోయిన పాదరసపు ఎరుపు ఊరికే ఉండలేదు, పక్కవాళ్ల పేర్లు లాక్కుంది. వాటిలో మొదటిది సిన్నబార్. ఈ గ్రీకు మాటతో ప్లినీ కాలంలోనే పెద్ద గందరగోళం. గ్రీకులు ఇంగిలీకాన్నే సిన్నబార్ అనేవారు. కానీ రోము వైద్యుల దగ్గర ఆ పేరుతో ఉన్నది చెట్టు జిగురు. సొకోట్రా దీవిలో పెరిగే చెట్టు నుంచి కారే ఈ ఎర్రటి జిగురును డ్రాగన్ నెత్తురు అంటారు. ఎర్ర సముద్రపు నావికుల కోసం మొదటి శతాబ్దంలో గ్రీకులో రాసిన పెరిప్లస్ అనే పుస్తకంలో ఇది ‘ఇండియన్ సిన్నబార్’గా, చెట్ల నుంచి బొట్లుగా సేకరించేదిగా కనిపిస్తుంది. ప్లినీ మాత్రం చచ్చిపడే ఏనుగు బరువుకు నలిగిన సర్పం నెత్తురు, ఏనుగు నెత్తురు కలిసి గడ్డకట్టినదని కథ చెప్పాడు. సంస్కృతంలో నాగ అంటే పాము, ఏనుగు, సీసం మూడూ కావడం ఇక్కడ గుర్తుకొస్తుంది. ఇది యాదృచ్ఛికమే, దీన్ని పట్టుకుని వ్యుత్పత్తులు కట్టకూడదు.

కథ పక్కన పెడితే అదే చోట ప్లినీ చెప్పిన ఒక మాట నాకు చాలా ముఖ్యం. మందుగా వాడదగ్గది తాను నెత్తురనుకున్న ఆ సిన్నబార్ (అసలుకు చెట్టు జిగురు), కానీ మినియానికి కూడా సిన్నబార్ అనే పేరుండడం వల్ల వైద్యులు దాని బదులు మినియం ఇస్తున్నారు, అది విషం, అన్నాడు. రంగు పేరులో జరిగిన పొరపాటు రోగి కడుపులోకి పోయింది. పేర్ల చర్చ పండితుల కాలక్షేపం అనుకునేవాళ్లకు నేను చూపించే మొదటి ఉదాహరణ ఇది.

పాదరసపు ఎరుపు తీసుకున్న రెండో పేరు వెర్మిలియన్. దీని మూలం వెర్మిక్యులస్, లాటిన్‌లో చిన్న పురుగు. ఓక్ చెట్లను పట్టుకుని బతికే కెర్మెస్ పురుగును ఎండబెట్టి బట్టలకు ఎరుపు అద్దేవారు, ఆ పురుగు పేరు బట్టల రంగుదయింది, అక్కడి నుంచి పాదరసం, గంధకం కలిపి చేసే కృత్రిమ ఇంగిలీకానికి పాకింది. కెర్మెస్ అన్న మాటే పర్షియన్, అరబ్బీల ద్వారా వచ్చింది. మన ‘క్రిమి’కి దగ్గర బంధువు. క్రిమ్సన్, కార్మైన్ కూడా ఆ ఇంటివే. మధ్యయుగపు లాటిన్‌లో కార్మైన్‌ను కార్మినియం అనేవారు, దాని తోక మినియం నుంచి అతికిందని భాషావేత్తలు చెబుతారు. అంటే పురుగు పేరు పాదరసానికి, పాదరసం పేరు సీసానికి వెళ్లాయి. సీసం పేరు ఎక్కడికి పోయిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

చేతిరాత గ్రంథాల్లో శీర్షికలు, మొదటి అక్షరాలు సీసపు ఎరుపుతో దిద్దడాన్ని మినియారే అన్నారు. ఆ దిద్దుడు, క్రమంగా అక్షరాల పక్కన వేసే బొమ్మలు, ఇటాలియన్‌లో మినియతూర అయ్యాయి. పుస్తకంలో బొమ్మ కాబట్టి చిన్నది. పైగా లాటిన్‌లో ‘తక్కువ’ అనే అర్థంలో మైనస్, మైనర్ లాంటి మాటలున్నాయి, చెవికి ఒకేలా వినిపిస్తాయి. రెండూ కలిసి ఆ మాటను చిన్నదనం వైపు లాగాయి. మినియేచర్ అంటే ఈరోజు ప్రపంచమంతా ‘బుల్లిది’ అనే అర్థం. ఎరుపు అందులోంచి పూర్తిగా కారిపోయింది. మొఘల్, రాజపుత్ర చిత్రాలను మినియేచర్లు అంటున్నాం కదా, వాటిలో సిందూరమూ ఉంది, ఇంగిలీకమూ ఉంది. పేరు పెట్టినవాళ్లు ఉద్దేశించినది కొలత అయినా, పేరులో దాగిన పదార్థం కాగితం మీద నిజంగానే ఉంది.

ఎరుపు పేర్లు ఎంత దూరం కొట్టుకుపోతాయో చెప్పడానికి సినోపుల్ ఒక్కటి చాలు. నల్లసముద్రపు రేవు సినోప్ నుంచి వచ్చే ఎర్రమట్టి పేరు అది. ఫ్రెంచి రాజచిహ్నాల భాషలో మధ్యయుగం చివరికల్లా అది ఆకుపచ్చకు పేరైంది.

మినియం మాత్రం యూరప్ భాషల్లో సీసపు పొడిగానే స్థిరపడింది. ఇటాలియన్‌లో మినియో, ఫ్రెంచిలో మినియమ్, జర్మన్‌లో మెన్నిగె, డచ్‌లో మేనీ. ఇనుముకు తుప్పు పట్టకుండా వేసే మొదటి పూత పేరుగా పనివాళ్ల నోట్లో నలిగినవి ఇవన్నీ. స్పానిష్‌లో ఇంకో పేరు కూడా ఉంది, అజర్కోన్, అరబ్బీ నుంచి వచ్చింది. మెక్సికోలో కడుపు పట్టేసిన పిల్లలకు నాటుమందుగా ఇచ్చే నారింజ పొడి పేరు కూడా అజర్కోనే. 1980ల మొదట్లో అమెరికాలో పిల్లల ఒంట్లో సీసం ఎక్కడి నుంచి వస్తోందని వెతికిన వైద్యాధికారులకు ఆ పొడి దొరికింది. అది దాదాపు స్వచ్ఛమైన సీసపు ఆక్సైడు. మూడు సీసం పరమాణువులకు నాలుగు ఆక్సిజన్ పరమాణువులు, బరువులో 90 శాతం పైగా సీసమే. ప్లినీ ఫిర్యాదు చేసిన పొరపాటే ఇంకో రూపంలో, పంతొమ్మిది వందల ఏళ్ల తర్వాత.

ఇక మన దగ్గరకు వస్తే, సంస్కృత కోశకారులు ఈ విషయంలో రోమన్ల కంటే స్పష్టంగా ఉన్నారు. అమరకోశంలో ‘సిందూరం నాగసంభవమ్’ అని ఉంది. నాగం అంటే ఇక్కడ సీసం. సీసం నుంచి పుట్టినది సిందూరం, ఇక అనుమానానికి తావు లేదు. పాదరసపు దానికి హింగుళం అని వేరే పేరు, దాన్నే తెలుగులో ఇంగిలీకం అన్నాం. చేర్యాల పటాల్లో నేపథ్యమంతా పరుచుకునే ఎరుపుకు పాత చిత్రకారులు వాడింది ఇంగిలీకమే. కుంకుమ మూడోది, పసుపు నుంచి తయారయ్యేది. పసుపు కొమ్ములకు నిమ్మరసం, వెలిగారం, పటిక పట్టించి నీడన ఆరబెట్టి దంచితే ఎర్రబడేది పసుపులోని కుర్కుమిన్. మూడు పదార్థాలు, మూడు పేర్లు. ఇంత శుభ్రమైన విభజన లాటిన్‌కు ఎన్నడూ లేదు.

దాన్ని మనమే చెడగొట్టుకుంటున్నాం. ఆయుర్వేదంలో రససిందూరం అన్న మందు ఉంది, అందులో సీసం లేదు. పాదరసం, గంధకం కలిపి నల్లటి పొడి (కజ్జలి) అయ్యేదాకా నూరి, గుడ్డ, మట్టి పొరలు చుట్టిన గాజు కుప్పెలో పోసి, ఇసుక నింపిన పాత్రలో నిలిపి కాచి, కుప్పె మెడ దగ్గర పేరుకున్న ఎర్రటి గడ్డను తీసేది. రసాయనికంగా అది ఇంగిలీకమే. రంగు పోలికను బట్టి సిందూరం అన్నారు. శాస్త్రం చదివిన వైద్యుడికి ఆ తేడా తెలుసు, పేరు మాత్రమే విన్నవాడికి తెలియదు. ఇంకోవైపు బజారులో ఆంజనేయస్వామికి నూనెలో కలిపి పూసే నారింజ సిందూరం, ఉత్తరాదిన పాపిట్లో పెట్టుకునే సిందూర్, మన కుంకుమ, అన్నీ ఒకే అరలో, ఒకే తరహా డబ్బాల్లో కూర్చుంటాయి. లోపల సీసపు పొడి ఉండొచ్చు, పిండికి కలిపిన కృత్రిమ రంగు ఉండొచ్చు, నిజంగానే పసుపు ఉండొచ్చు. పైన మాత్రం ఒకే మాట.

అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ డబ్బాలు 118 కొని పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు, వాటిలో 95 న్యూజెర్సీ దుకాణాల్లో, మిగతావి ముంబై, ఢిల్లీల్లో కొన్నవి. అమెరికాలో కొన్నవాటిలో 83 శాతం, ఇక్కడ కొన్నవాటిలో 78 శాతం నమూనాల్లో గ్రాముకు కనీసం ఒక మైక్రోగ్రాము సీసం తేలింది. కొన్నిటిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సౌందర్య సాధనాల రంగులకు పెట్టిన 20 మైక్రోగ్రాముల హద్దు కూడా దాటింది. న్యూజెర్సీలో తెలుగువాళ్లు ఎందరో చెప్పనక్కర్లేదు.

ఇంట్లో పరీక్షించుకోవచ్చా అంటే, వద్దు. విట్రూవియస్ పరీక్ష అందరూ ఎత్తి చూపుతారు: ఇనుప రేకు మీద మినియం వేసి నిప్పు మీద పెట్టి, రంగు నల్లబడగానే తీసి చల్లార్చితే మళ్లీ ఎర్రబడితే అసలుది, నల్లగానే ఉండిపోతే కల్తీది. ఆయన ముఖ్యంగా పట్టుకోవాలనుకున్నది అందులో కలిపే సున్నాన్ని. సీసపు ఎరుపును ఇది పట్టలేదు, ఎందుకంటే అది కూడా వేడికి ముదురుతుంది, త్వరగా తీసేస్తే చల్లారాక మామూలవుతుంది. 550 డిగ్రీలు దాటిస్తే అప్పుడు విడిపోయి పసుపుపచ్చని వేరే సీసపు ఆక్సైడుగా మారుతుంది. అదే వేడికి ఇంగిలీకం పాదరసపు ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి ఇంటి వంటగదిలో వదలాల్సింది కాదు. ప్రయోగశాలలో అయితే పలుచటి నైట్రిక్ ఆమ్లం చాలు: సీసపు ఎరుపు గోధుమరంగుకు తిరుగుతుంది, ఇంగిలీకం కదలదు. పొడిని పాడుచేయకుండా తేల్చాలంటే ఎక్స్-రే ఫ్లోరోసెన్స్ యంత్రం ఉంది, నిమిషాల్లో సీసమా పాదరసమా చెబుతుంది. రంగు చూసి, వాసన చూసి, నీళ్లలో కలిపి చూసి తేల్చగలమనే మాటలు నమ్మకండి. సీసపు పొడి, ఇంగిలీకం రెండూ బరువైనవే, రెండూ నీళ్లలో టక్కున దిగుతాయి.

సీసం చర్మంలోంచి పెద్దగా దిగదు. ప్రమాదమంతా చేతికంటిన పొడి నోట్లోకి పోవడంలో, ముఖ్యంగా పాకే వయసు పిల్లల విషయంలో. నుదుటి మీద నుంచి రాలిన పొడి తల్లి చీర మీద, దిండు మీద ఉంటుంది. అనుమానం ఉన్న డబ్బా వాడిన ఇంట్లో పిల్లలుంటే రక్తంలో సీసం పరీక్ష చేయించడమే దారి.

పెయింట్ల దుకాణంలోనూ ఇదే మాటల మెలిక. గేట్లకు, కిటికీ గ్రిల్లులకు ఇప్పుడు వేసే ‘రెడ్ ఆక్సైడ్’ ప్రైమర్‌లో ఉండేది ఇనుప ఆక్సైడు, ఎర్రమట్టికి చుట్టం. ‘రెడ్ లెడ్’ అంటేనే మినియం. పెయింటరు నోట ఒకదాని బదులు ఇంకొకటి దొర్లుతుంది, ఎందుకంటే పనిలో రెండూ తుప్పు ఆపే ఎర్ర పూతలే. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నియమాలు 2016లో వచ్చి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు వేసిన పాత ఇనుప గేటు మీద పై పెచ్చు కింద నారింజ ఎరుపు పొర కనబడితే ఎండు ఎమెరీ కాగితంతో గీకవద్దు, మంటతో కాల్చి ఊడదీయవద్దు. తడిపి గీకాలి, కింద పట్టా పరవాలి, గీకినదంతా తడిగుడ్డతో తీసి మూటకట్టాలి, పిల్లలను ఆ పక్కకు రానివ్వకూడదు.

లాటిన్ నుంచి తెలుగులోకి తెచ్చేవాళ్లకు నా సూచన కూడా ఇదే తీరులో ఉంటుంది. ప్లినీ, విట్రూవియస్‌ల మినియం ఇంగిలీకం. ప్లినీ ‘రెండో రకం’ అన్నది సిందూరం. మధ్యయుగపు గ్రంథలేఖకుడి మినియం దాదాపు ఎప్పుడూ సిందూరమే. తేదీ తేలని రచన అయితే ధర ఎంత, ఎక్కడి నుంచి వచ్చింది, పాదరసం ప్రస్తావన ఉందా, వెలుతురుకు నల్లబడుతుందంటున్నారా అని చూడాలి. ఈ నల్లబడడం దగ్గర ఒక జాగ్రత్త: సీసపు ఎరుపు కూడా గోడల మీద నల్లబడుతుంది. చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో ఎర్రగా ఉండాల్సిన ముఖాలు, బట్టలు గోధుమ నలుపుగా కనిపించేది అందుకే. అక్కడ సీసం ఇంకొంత ఆక్సిజన్ పట్టుకుని వేరే ఆక్సైడుగా మారింది. కాబట్టి నల్లబడిందన్న ఒక్క ఆధారంతో ఇంగిలీకమని తేల్చేయకూడదు, కొలిమిలో పాదరసం కారిందన్న వాక్యం పక్కనే దొరికితే తప్ప.